ఒక్క రోజులో సముద్రం చూసి రావడం హైదరాబాదు వాళ్లకు సాధ్యమేనా?

నిజాంపేట_నీలవేణి
పోయిన డిసెంబరులో మా ఇంటికి చుట్టాలు దిగితే అందరినీ రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాం. చేతిలో ఉన్నది ఒక్క పగలు. మా వారు కాగితం మీద ఏడు చోట్లు రాసుకున్నారు: కైలాసగిరి, తొట్లకొండ, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, జలాంతర్గామి, ఆఖరున రామకృష్ణా బీచ్. రోజంతా వ్యాను ఎక్కడం, దిగడం, తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది. బీచ్‌లో తీరిగ్గా కూర్చుందామని చేరేసరికి చీకటి పడింది.

మా అత్తగారికి 68 ఏళ్లు. జగిత్యాల వైపు పల్లెలో చెరువు కట్ట పక్క ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, అంతకుముందు ఎన్నడూ సముద్రం చూడలేదు. వ్యానులో వాంతులవుతుంటే తల వంచుకునే కూర్చున్నారు. ఇంటికి వచ్చాక పక్కింటావిడ అడిగితే, "కిటికీలో నీలంగా ఒక గీత కనిపించింది, రాత్రి చప్పుడు వినిపించింది" అన్నారు. ఆ మాట నాకు ఏడాదిగా గుచ్చుకుంటోంది.

ఈసారి అమెరికా నుంచి ఆడపడుచు కుటుంబం, నాగపూర్ నుంచి మా వారి స్నేహితుడి కుటుంబం వస్తున్నాయి. మాతో కలిపి పదమూడు మంది. కుదిరేది డిసెంబరు 28 ఆదివారం ఒక్కటే. 30న ముక్కోటి ఏకాదశి, ఆలోపు ఇల్లు చేరాలని అత్తగారి షరతు. ఏ తీరానికి, ఎలా వెళ్లాలి? కాగితం మాత్రం ఈసారి నా చేతిలోనే ఉంటుంది.

ట్యాంక్‌బండ్_గాలి
అత్తగారిని హుస్సేన్‌సాగర్ కట్ట మీద నిలబెట్టి కళ్లు సగం మూసుకోమనండి. అవతలి ఒడ్డు కనిపించదు. ఖర్చు పదమూడు మొక్కజొన్న పొత్తులు.

నిజాంపేట_నీలవేణి
కళ్లు సగం మూసినా ముక్కు మాత్రం పూర్తిగా మూసుకోవాలి కదా.

విశాఖ_పక్షపాతి
తప్పు మా ఊరిది కాదు, మీ వారి కాగితానిది. డిసెంబరులో విశాఖలో సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు కుంకుతుంది. హైదరాబాదుకన్నా దాదాపు ఇరవై నిమిషాలు ముందు. మీరు ఇక్కడి లెక్కతో ఆరింటిదాకా వెలుతురు ఉంటుందనుకుని ఉంటారు.

జలాంతర్గామి సంగతి కూడా చెబుతాను. కురుసుర 2001లో నౌకాదళం నుంచి విరమించింది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వెళ్లాలి. నడుం వంచాలి, ఒక కాలు ఎత్తి అవతల పెట్టాలి, తల కాచుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అందులోకి దింపి, వెంటనే ఇంకో చోటికి పరుగెత్తిస్తే సముద్రం మీద మోజు ఎక్కడ మిగులుతుంది? మళ్లీ రండి. రుషికొండ ఒక్కటే చూడండి. శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన తీరం అది.

రైలుపిచ్చి
పక్షపాతి గారూ, సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైలు దారి 699 కిలోమీటర్లు. వందే భారత్‌కే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. ఒక్క రోజు అని ఆవిడ మొదటి వాక్యాల్లోనే చెప్పారు.

నీలవేణి గారికి: సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి సికింద్రాబాద్‌లో ఎక్కితే తెల్లారకముందే చీరాలలో దించుతుంది. అక్కడి నుంచి వాడరేవు బీచ్ ఆరేడు కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. ఇంతకన్నా తేలిక దారి లేదు. అయితే 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. మీ తేదీకి అక్టోబరు ఆఖరులోనే తెరిచారు. ఇప్పుడు చూస్తే పదమూడు బెర్తులకు చాంతాడంత వెయిటింగ్ లిస్టు ఉంటుంది.

నిజాంపేట_నీలవేణి
చూశాను. చాంతాడే.

బందరు_లడ్డు
మంగినపూడి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? మచిలీపట్నం పక్కనే. చాలా దూరం లోపలికి నడిచినా నీళ్లు మోకాళ్లు దాటవు, పిల్లలకూ పెద్దలకూ హాయి. వచ్చేటప్పుడు బందరు లడ్డు, పెడన కలంకారీ చీరలు. మీ ఆడపడుచు అమెరికా తీసుకెళ్లడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పచ్చిపులుసు
మంగినపూడి వెళ్లినవాడిగా ఒక మాట. ఇసుకలో గుళ్లు కట్టుకుంటామంటే పిల్లలకు బకెట్లు, చిన్న పారలు కొనిచ్చాను. అక్కడ ఇసుకకు బదులు నల్ల బంకమట్టి. మావాడు మడమల దాకా దిగబడి, ఒక చెప్పు సముద్రానికి దానం చేసి వచ్చాడు.

బందరు_లడ్డు
ఆ మట్టి ఉంది కాబట్టే నీళ్లు అంత నెమ్మది. లడ్డు తిన్నారా లేదా?

పచ్చిపులుసు
తిన్నాను. దాని గురించి ఫిర్యాదు లేదు.

స్టీరింగ్_సుబ్బయ్య
బాపట్ల దగ్గరి సూర్యలంకకు హైదరాబాదు నుంచి దాదాపు 320 కిలోమీటర్లు. అందరూ చేసే తప్పు ఏమిటంటే, అర్ధరాత్రి రెండింటికి బయల్దేరితే తొమ్మిదికల్లా బీచ్‌లో ఉంటామని లెక్క వేసుకోవడం. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున విజయవాడ రోడ్డు మీద పొగమంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ పని చేయరు. నేను ఒకసారి చేశాను. చౌటుప్పల్ దాటాక ముందున్న లారీ వెనక దీపాలు కూడా కనిపించలేదు. రోడ్డు మీద తెల్లగీతను పట్టుకుని ఎద్దుబండి వేగంతో నడిపాను. వెనక సీట్లో అందరూ నిద్ర. మెలకువగా ఉన్నది నేనూ, నా భయమూ.

ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరండి. పంతంగి టోల్ దాటాక నార్కెట్‌పల్లి దగ్గర కుడివైపు అద్దంకి రోడ్డు పట్టుకోండి. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా పోతే విజయవాడలో ఇరుక్కునే బాధ ఉండదు. దారిలో వాడపల్లి వంతెన దగ్గర ఒక్క నిమిషం ఆపండి. మన మూసీ కృష్ణలో కలిసేది అక్కడే.

ట్యాంక్‌బండ్_గాలి
అంటే మన నగరం మురుగు మనకన్నా ముందే బయల్దేరి, టోలు కట్టకుండా సముద్రం చేరిపోతోందన్నమాట.

స్టీరింగ్_సుబ్బయ్య
వాడపల్లిలో పాత శివాలయం, నరసింహస్వామి గుడి కూడా ఉన్నాయి. గాలి గారు మురుగు దగ్గరే ఆగిపోతారని తెలుసు.

మౌలాలి_మబ్బు
సూర్యలంకలో సూర్యాస్తమయం చూడండి, అద్భుతంగా ఉంటుందట. అమెరికా వాళ్లకు ఫోటోలు బాగా వస్తాయి.

బాపట్ల_వాసి
మబ్బు గారూ, మాది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి పుడుతుంది. సాయంత్రం సరుగుడు తోపుల వెనక్కి పోతుంది. సముద్రంలో మునిగే సూర్యుడు కావాలంటే గోవా టికెట్ కొనుక్కోవాలి.

చలికాలంలో మా దగ్గర చూడవలసింది ఉదయమే. మా ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది, డిసెంబరులో సూర్యుడు పుట్టేదీ ఆ మూలనే. అందుకని తల పక్కకు తిప్పనక్కర్లేదు, ఎదురుగా నీళ్లలోంచే వస్తాడు. ఆ రోజుల్లో ఆరున్నర దాటాక ఉదయిస్తాడు, ఆరింటికి ఒడ్డున ఉంటే చాలు. గాలి చల్లగా ఉన్నా నీళ్లలో కాలు పెడితే గోరువెచ్చగా తగులుతాయి. మా అమ్మ దాన్ని 'రాత్రి కాచి దించిన నీళ్లు' అంటుంది.

ఇక అసలు మాట. ఏటా మా తీరాల్లో మునిగిపోయేవాళ్లలో బయటి నుంచి వచ్చిన కుర్రాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అలలు ఎగిసిపడుతున్న చోట భయపడి, పక్కన నీళ్లు నున్నగా, నెమ్మదిగా ఉన్న చోట దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అక్కడ అల విరగదు, మనిషిని ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగుతుంది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుతూ లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు మోకాళ్ల లోతు దాటవద్దు. 28న అష్టమి కాబట్టి పౌర్ణమి, అమావాస్యల నాటంత పోటు ఉండదు. ఆ ధైర్యంతో మాత్రం లోపలికి పోకండి.

పిల్లలకు తాబేళ్ల సంగతి చెప్పండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మా ఇసుకలో గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాళ్లు ఏరి కంచెలో పొదిగిస్తారు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది, కాబట్టి డిసెంబరులో కనిపించవు. మార్చిలో రండి.

నిజాంపేట_నీలవేణి
నున్నగా ఉన్న చోటే ప్రమాదమని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. పోయినేడు మావాడిని సరిగ్గా అలాంటి చోటే ఆడుకోమన్నాను. ఇది చదివాక ఒళ్లు జలదరించింది.

దివిసీమ_మనవడు
కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి మా ఊరికి దగ్గరే. చుట్టాలను తీసుకెళ్తూనే ఉంటాం. మా నాయనమ్మ మాత్రం రాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి. ఆ రాత్రి తాటిచెట్టును కరుచుకుని బతికింది. ఇప్పటికీ రాత్రి గాలి గట్టిగా వీస్తే లేచి తలుపులు తీసి చూస్తుంది. పిలవడం మానేశాం. వెళ్లి వచ్చాక మా బట్టల మీది ఇసుక మాత్రం తనే దులుపుతుంది.

బందరు_లడ్డు
మా తాతదీ ఇదే కథ. ఆయన సముద్రం అనే మాట కూడా అనేవాడు కాదు, 'అటు' అనేవాడు.

నల్లకుంట_అమ్మమ్మ
దారి, అలలు అన్నీ చెప్పారు. ఆడవాళ్లకు అవసరమైన సంగతి ఒక్కరూ చెప్పలేదు. తడిసిన చీరతో ఎక్కడికి పోవాలి? సెలవు రోజుల్లో బట్టలు మార్చుకునే గదుల దగ్గర చాంతాడు, ఈ వేదికలో అందరికీ ఇష్టమైన మాట అదే కదా. బాపట్లలోనో చీరాలలోనో రెండు గదులు తీసుకుని, బీచ్ నుంచి నేరుగా అక్కడికే వెళ్లండి. పెద్దవాళ్లకు రెండు మడత కుర్చీలు పట్టుకెళ్లండి. ఇసుకలో కూర్చోవడం తేలికే, లేవడం దగ్గరే తెలుస్తుంది. వాంతుల మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. స్వెటర్లు హైదరాబాదు పొలిమేర దాకానే, చిలకలూరిపేట వచ్చేసరికి అందరూ విప్పి మీ ఒళ్లో పడేస్తారు. సంచి పెద్దది తీసుకోండి.

పచ్చిపులుసు
సముద్రం దాకా పోయి పులిహోరా? వంజరం ముక్కలు, రొయ్యల వేపుడు, పీతల పులుసు ఒడ్డున పెట్టుకుని అరటాకులో చింతపండు అన్నమా?

నల్లకుంట_అమ్మమ్మ
నాగపూర్ వాళ్లు శాకాహారులైతే పీతను చూపించి నాయనా తినమంటావా? పైగా మధ్యాహ్నం రెండు దాకా వేపుడు కోసం ఎదురుచూస్తూ పిల్లలు ఏడ్చిన రోజులు నేను చూశాను. పులిహోర ఎదురుచూడదు.

నిజాంపేట_నీలవేణి
వాళ్లు శాకాహారులే. అమ్మమ్మగారికి ఎలా తెలిసింది?

నల్లకుంట_అమ్మమ్మ
పదమూడు మందిలో ఎవరో ఒకరు ఉంటారమ్మా.

ట్యాంక్‌బండ్_గాలి
ఒక్కసారి నిజం చెబుతాను. నాలుగేళ్ల కిందట జనవరిలో వాడరేవు వెళ్లాం. మా బావ కొత్త కారు. తడి ఇసుక గట్టిగా ఉందని నీళ్ల అంచు దాకా నడిపి ఫోటోలు తీసుకున్నాడు. పది నిమిషాల్లో వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. తొక్కేకొద్దీ ఇంకా లోపలికి. ఇంతలో పోటు మొదలైంది. ఒక్కో అల వచ్చి నంబరు పలకను నాకి పోతోంది. బావ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

వలలు బాగుచేసుకుంటున్న నలుగురు లేచి వచ్చారు. టైర్లలో గాలి సగం తీయించారు. సరుగుడు కొమ్మలు విరిచి చక్రాల కింద కుక్కారు. వల లాగే మోకు కట్టి 'ఐసా' అంటూ లాగేశారు. డబ్బు తీసుకోలేదు. చేపల బుట్టతో ఉన్న వాళ్లింటి ఆవిడను చీరాల బజారులో దింపమన్నారు, అంతే. బుట్ట వెనక సీట్లోకి ఎక్కింది. ఆ వాసన ఉగాది దాకా దిగలేదు.

స్టీరింగ్_సుబ్బయ్య
ఇంటికి రాగానే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించారా? ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ట్యాంక్‌బండ్_గాలి
బావ ఆ కారును కడిగినంతగా తన ఒళ్లు కూడా కడుక్కోలేదు.

విశాఖ_పక్షపాతి
ఇవన్నీ విన్నాక కూడా సిమెంటు మెట్లున్న బీచ్‌రోడ్డే మేలనిపించడం లేదా? మురీ మిక్చర్ తింటూ కూర్చోవచ్చు.

రైలుపిచ్చి
699 కిలోమీటర్లు.

వేదిక_కాపరి
ఏ తీరం గొప్పది అన్న పోటీకి వేరే చర్చ తెరిచాను. అందులో ఇప్పటికే బందరు, భీమిలి వాళ్లు తలపడుతున్నారు. ఇక్కడ నీలవేణి గారి ప్రయాణం మాత్రమే.

నిజాంపేట_నీలవేణి
ఖాయం చేశాం. 27 మధ్యాహ్నం వ్యానులో అద్దంకి రోడ్డు మీదుగా. బాపట్లలో రాత్రి బస. 28 తెల్లవారుజామున సూర్యలంక. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఇంకో చోటు లేదు. మా వారు ఇప్పటికే "పక్కనే కదా, హంసలదీవి కూడా" అన్నారు.

దివిసీమ_మనవడు
పక్కన కాదు. ఆయనకు చెప్పండి.

నిజాంపేట_నీలవేణి
నిన్న రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరాం. స్వెటర్లు ఇంకా సంచిలోంచి తీయలేదు. అడిగినవాళ్లందరికీ కలిపి రాస్తున్నాను.

మొదట తప్పులు. బస కోసం తీసుకున్న చోట వేడినీళ్లు వస్తాయన్నారు, రాలేదు. పదమూడు మందికి ఒకే బకెట్ ఇచ్చారు. పొద్దున్నే మా ఆడపడుచు పిల్లలు లేవకపోవడంతో బీచ్ చేరేసరికి 6.25. ఆకాశం అప్పటికే నారింజ రంగులో ఉంది. మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని పరుగెత్తారు. అత్తగారు మాత్రం ముందు సీట్లోంచి దిగి చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు మెల్లగా వచ్చారు. సూర్యుడు వచ్చాడు. ఆవిడ దణ్ణం పెట్టుకుంటారనుకున్నాను. పెట్టుకోలేదు. నీళ్లనే చూస్తూ నిలబడ్డారు.

ఏడున్నర ప్రాంతంలో కొంత దూరంలో అలివి వల లాగుతున్నారు. రెండు కొసలా పది పన్నెండు మంది చొప్పున మోకు పట్టుకుని వెనక్కి అడుగులేస్తున్నారు. పిల్లలు కలిశారు, తర్వాత మా వారు, నాగపూర్ స్నేహితుడూ. ఆయన అందరికన్నా గట్టిగా లాగాడు, అరచేతులు ఎర్రగా కందిపోయాయి. వల ఒడ్డుకు వచ్చి లోపల నెత్తళ్లు వెండి పొడిలా మిలమిలలాడేసరికి మోకు వదిలేసి, "వీటిని చంపడానికా ఇంతసేపు లాగింది?" అని హిందీలో అడిగాడు. లాగినందుకు వాటా అంటూ జాలరులు గుప్పెడు నెత్తళ్లు ఆయన చేతిలోనే పోశారు. రెండు చేతులూ చాచి అలాగే నిలబడ్డాడు పాపం. మా అత్తగారు కొంగు పట్టి అందుకున్నారు. పచ్చిపులుసు గారూ, వాటిని అక్కడే ఒకావిడ వేయించి ఇచ్చింది. పులిహోరలో నంజుకుని తిన్నాం. ఇద్దరూ గెలిచారు.

తిరుగు దారిలో తేగలు అమ్ముతుంటే రెండు కట్టలు కొన్నాం. అమెరికా పిల్లలకు పీచు తీయడం రాక నోటి నిండా దారాలు. మా వారు మధ్యలో చీల్చి లోపలి లేత మొలకను, అదే 'చందమామ'ను, తీసిచ్చి దొరగారిలా చూశారు. ఆయన ఈ ప్రయాణంలో చేసిన ఒకే ఒక పెద్ద పని అది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఒడ్డున మూడు గంటలు కూర్చున్నా అత్తగారు పెద్దగా మాట్లాడలేదు. నచ్చలేదేమోనని నాకు దిగులు పట్టుకుంది. బయల్దేరే ముందు నా చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ ఒడ్డు కొసల దాకా చూపిస్తూ, "నీలా, ఇన్ని నీళ్లున్నాయి కదా, దీని మత్తడి ఎక్కడ?" అని అడిగారు. వ్యానులో దారి పొడవునా అదే ప్రశ్న. పదిమందిలో ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు.

మౌలాలి_మబ్బు
మత్తడి అంటే?

పచ్చిపులుసు
అలుగు. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. ఊరికి కట్ట ఎంత ముఖ్యమో అదీ అంతే. అది సరిగా లేకపోతే కట్ట తెగుతుంది.

దివిసీమ_మనవడు
మా నాయనమ్మకు ఈ ప్రశ్న చదివి వినిపించాను. "ఆవిడను ఒకసారి మా ఇంటికి రమ్మను" అంది.

నిజాంపేట_నీలవేణి
తప్పకుండా. మార్చిలో తాబేళ్లు చూడాలని పిల్లవాడు కూడా గోల పెడుతున్నాడు. ఈసారి రైల్లోనే వెళ్తాం. టికెట్లు ఎన్ని రోజుల ముందు తెరుస్తారు?

రైలుపిచ్చి
పైన రాశాను. ఎవరూ చదవరు.